పర్లాకిమిడి ఆదివారం చేతిపనుల క్లాసు: పంపొచ్చా, మనం కూడా వెళ్ళొచ్చా?

పర్లాకిమిడిలో (శ్రీకాకుళం సరిహద్దు దాటగానే ఒడిశాలో ఉంది) డ్రాయింగ్ క్లాసులకేం కొదవలేదండీ, వీధికొకటి ఉంది, రెండు కొండలు మధ్యలో సూర్యుడు పక్కనొక కొబ్బరిచెట్టు వేయించి ఆ షీటు ఇంటికి పంపేస్తారు, మనం ఫ్రిజ్ మీద అంటించుకుని మురిసిపోతాం. నేను రాస్తున్నది వాటి గురించి కాదు. ప్యాలెస్ వైపు ఒక పాత పెంకుటింట్లో, రిటైరైన ఒడియా డ్రాయింగ్ మాస్టారొకాయన ఆదివారాలు నడిపే చేతిపనుల క్లాసు గురించి. బోర్డు లేదు, ఇన్‌స్టా పేజీ లేదు. పేరు రాయమంటారా అనడిగితే వద్దమ్మా, జనం ఎక్కువైతే చాపలు లేవు అన్నారు, అందుకని రాయట్లేదు. పాతపట్నం, టెక్కలి వైపు నుంచి కూడా ఇద్దరు ముగ్గురు వస్తున్నారు, వాళ్ళు అడగబట్టే ఈ రివ్యూ.

ముందే ఒక మాట చెప్పేస్తాను, చాలామందికి ఇక్కడే తేడా కొడుతుంది. ఈ క్లాసుకి వెళ్తే అదే రోజు బొమ్మ పట్టుకుని ఇంటికి రారు. మొదటి ఆదివారం మా పాప చేతికి ఇచ్చింది పాత పంచె ముక్క, ఒక గిన్నెడు నానిన చింతపిక్కలు. అంతే. బయట పేరెంట్సొకాయన బైక్ మీద కూర్చుని ఇదేటి సార్, ఫీజు కట్టించుకుని పిక్కలు వొలిపిస్తన్నారు అని నవ్వాడు, తర్వాతి వారం వాళ్ళబ్బాయి రాలేదు. ఆయన తప్పేం లేదు, ఆయనకి కావాల్సింది వేరు.

చేయించేది ఏంటంటే గంజప. ఒడిశా వైపు వాళ్ళకి తెలుసు, మనవాళ్ళు గంజీఫా అంటారు, గుండ్రటి పేకముక్కలు, చేత్తో బొమ్మలేసినవి. ఒక రంగుకి, అంటే మన పేకలో ఇస్పేటు, ఆఠీను లాంటి జాతికి, పన్నెండు ముక్కలు, ఒకటి నుంచి పది దాకా అంకెలవి, ఆ పైన మంత్రి, రాజు. ఎనిమిది రంగులైతే 96 ముక్కల సెట్టు, దశావతారాలదైతే పది రంగులు 120 ముక్కలు. పూరీ దగ్గర రఘురాజపూర్‌లో పటచిత్రాలతో పాటు ఇవి కూడా చేస్తారు, చూసే ఉంటారు. ఇక్కడ మాస్టారి ప్లాను ఎనిమిది మంది పిల్లలు తలా ఒక రంగు చేస్తే అందరివీ కలిపి ఒక సెట్టు. ఎవడైనా ఎగ్గొడితే సెట్టు కుంటుపడిపోతుంది, కాబట్టి పిల్లలే ఒకళ్ళనొకళ్ళు ఇంటికెళ్ళి లాక్కొస్తున్నారు. మామూలుగా హోంవర్కుకి కూడా రానంత బాధ్యత దీనికెక్కడి నుంచి వచ్చిందో నాకైతే తెలీదు.

పని ఎలా ఉంటుందో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ క్లాసులో డబ్బులకి తగ్గది అదే. చింతపిక్కలు నానబెట్టి, పైపొట్టు తీసి, మెత్తగా రుబ్బి, నీళ్ళలో కలిపి సన్నటి మంట మీద అంటుకోకుండా తిప్పుతూ ఉడికించాలి, జావలా అయ్యాక దింపుతారు, అదే జిగురు. నూలుబట్ట రెండు పొరలు ఆ జిగురుతో అంటించి ఆరబెట్టాలి. పాలిస్టర్ పనికిరాదు, జిగురు పీల్చుకోదు, ఎన్నోసార్లు ఉతికిన పంచె లాంటిదే మంచిది, గంజి పోయి మెత్తబడి ఉంటుంది. అది ఆరాక సుద్దపొడిని అదే జిగురులో కలిపి రెండువైపులా పూత, మళ్ళీ ఆరబెట్టడం, తర్వాత రాయితో రుద్దడం, ముందు గరుకు రాయి, తర్వాత నున్నటి గులకరాయి. ఈ రుద్దుడే అసలు పని. బాగా రుద్దితే బట్ట అని ఎవరూ అనుకోరు, అట్టకన్నా గట్టిగా, వేలు జారిపోయేంత నున్నగా వస్తుంది. సరిగా రుద్దకపోతే రంగు పాకిపోయి గీత ముద్దగా అవుతుంది, ఎవరిది ఎలా వచ్చిందో బ్రష్ పెట్టగానే తెలిసిపోతుంది, మాస్టారు నోరెత్తి తిట్టక్కర్లేదు.

అప్పుడు గుండ్రంగా కత్తిరించడం. ఒక పాప గాజు పెట్టి గీసుకుంటానంది, మాస్టారు వద్దన్నారు, గాజు గాజుకీ సైజు మారిపోతే పేక కలపలేం కదా, అందరికీ ఒకటే స్టీలు డబ్బా మూత. ఇలాంటి చిన్న విషయాలు ఆయన ముందు చెప్పరు, పిల్లలు అడిగాక చెప్తారు.

రంగుల దగ్గర నాకు ఈయన మీద నమ్మకం కుదిరింది. నేచురల్ కలర్స్ నేచురల్ కలర్స్ అని ఇప్పుడు అందరూ అమ్ముతున్నారు కదా, నేను కూడా ఉత్సాహంగా సార్ పాతకాలం రంగులే వాడిద్దాం పిల్లల చేత అన్నాను. ఆయన డబ్బాలు తెచ్చి చూపించారు. తెలుపు శంఖం పొడి, నలుపు దీపం మసి, ఇటుకరంగు జాజు, వీటితో పేచీ లేదు, వెలగ బంకలో కలుపుకుని వేసుకోవచ్చు. కానీ పసుపుకి వాడేది హరిదళం, అంటే ఆర్సెనిక్. ఎరుపుకి ఇంగిలీకం, అందులో ఉండేది పాదరసం. బ్రష్ మొన నోట్లో పెట్టుకుని సన్నం చేసుకునే అలవాటు సగం మంది పిల్లలకి ఉంటుంది, వాళ్ళ చేతికి ఇవి ఎలా ఇస్తామమ్మా అన్నారు. కాబట్టి పిల్లలకి తెలుపు, నలుపు, జాజు మాత్రం పాతపద్ధతి, మిగతావి స్కూల్లో వాడే మామూలు పోస్టర్ కలర్సు. సహజం అన్న ప్రతిదీ మంచిది అనుకునేవాళ్ళు ఇది చదివి కాస్త ఆగండి.

జిగురుకి బూజు పట్టకుండా బుక్ బైండింగ్ వాళ్ళు మైలుతుత్తం కలుపుతారు, అది కూడా ఈయన వాడరు, చిన్నపిల్లలున్న చోట విషం ఎందుకని. బదులు లవంగనూనె చుక్క వేసి, ఏ వారం జిగురు ఆ వారమే వండుకుంటారు. దాంతో వానాకాలంలో కాస్త ఇబ్బంది ఉంది, దాని గురించి కింద రాస్తాను.

బొమ్మలు ఏవి వెయ్యాలన్నది మాత్రం పిల్లల ఇష్టం. ముందు పాత పద్ధతి ముక్కలొకటి రెండు చూసి వెయ్యాలి, తర్వాత ఎవరి రంగు వాళ్ళు కనిపెట్టుకోవచ్చు. ఒకడు చేప, ఇంకొకడు ఆటో. మా పాప పనసపండు పెట్టుకుంది, గజపతి జిల్లా పిల్ల కదా. అంకె ఎంతైతే అన్ని పనసపళ్ళు వెయ్యాలి, ఒకటి రెండు మూడు దాకా హాయిగా సాగింది, అరచేతిలో సగం కూడా లేని ముక్క మీద పది పనసపళ్ళు ముళ్ళతో సహా వెయ్యాల్సొచ్చేసరికి ఏడుపొక్కటే తక్కువ. మాస్టారు సాయం చెయ్యలేదు. అంతకంటే మామిడిపిందె పెట్టుకోవాల్సింది కదే అని నేనంటే నన్ను కసిరారు, మీరు మీ ముక్క చూసుకోండి అని.

అవునండీ, నా ముక్క. ఈ క్లాసులో రూలొకటుంది, పెద్దవాళ్ళు ఉంటే లోపల కూర్చుని ఏదో ఒక పని చెయ్యాలి, లేదంటే దింపేసి వెళ్ళిపోవాలి. గోడకి ఆనుకుని ఫోను చూసుకుంటూ మధ్యమధ్యలో అలాక్కాదురా ఇలా అనే పేరెంట్లని ఆయన ఉండనివ్వరు. నాకిది బాగా నచ్చింది. మా ఆయనకి నచ్చలేదు, ఆయన దింపేసి వెళ్ళిపోతారు.

మా అత్తగారి సంగతి మాత్రం చెప్పాలి. ఆవిడ మొదట మనవరాలికి తోడుగా వచ్చారంతే, నాకేటొచ్చమ్మా ఈ వయసులో అని మూల కూర్చున్నారు. ఎండాకాలం, ఎవరో తాటి మొవ్వాకు తెచ్చి పడేశారు, మాస్టారు బుట్ట అల్లించాలని చూస్తున్నారు గానీ ఆయనకి అంచు తిప్పడం కుదరట్లేదు. ఆవిడ కాసేపు చూసి, ఇలాగియ్యండి బాబూ, ఆకు ఎండిపోనాది, తడిగుడ్డలో చుట్టకుండా అల్లితే విరిగిపోదేటి అని లాక్కున్నారు. ఆ రోజు క్లాసు ఆవిడదే. చిలక, బుడగల గిలక, బూర, గుంటలందరూ చుట్టూ చేరిపోయారు, ఒడియా పిల్లలు ఆవిణ్ణి ఆఈ ఆఈ అని పిలుస్తున్నారు, వాళ్ళ భాషలో అమ్మమ్మని అలాగంటారు. ఆవిడకి ఒడియా వచ్చు, నాలాగా వంకరగా కాదు, శుభ్రంగా వచ్చు. అప్పట్నుంచి మాస్టారు ఆవిడ దగ్గర ఫీజు తీసుకోవడం మానేశారు, ఎండాకాలంలో తాటాకు క్లాసు ఆవిడే చెప్పాలని మాట తీసుకున్నారు. ఇంట్లో ఇప్పుడు ఆవిడ హోదా వేరు, వంటింట్లో నా మీద ఆ హోదా చూపిస్తున్నారనేది వేరే విషయం.

సవర గిరిజనుల బొమ్మల గురించి కూడా రాయాలి. ఈ క్లాసులో చేరకముందు మేము ఆన్‌లైన్లో ఒక కిట్టు తెప్పించాం, సవర ఆర్ట్ కిట్ అని పేరు, పెద్ద డబ్బా, లోపల చూస్తే డబ్బాలో సగం గాలి, రంగుల చిన్న సీసాలు, అందులో ముఖ్యంగా కావాల్సిన తెల్లరంగు ఎండిపోయి ఉంది, ఒక అట్ట, దాని మీద ముందే అచ్చేసిన గీతలు. ఆ అట్ట మాస్టారికి చూపిస్తే నవ్వి ఇది వార్లీ అన్నారు. వార్లీ మహారాష్ట్రలో పాల్ఘర్ వైపు వాళ్ళది, మనిషి ఒళ్ళు రెండు త్రికోణాలు మొన మొన కలిపినట్టు ఖచ్చితంగా ఉంటుంది. సవరలది అలా ఉండదు, మనుషులు సన్నగా సాగినట్టుంటారు, ముందు చుట్టూ అంచు గీసుకుని అక్కడి నుంచి లోపలికి నింపుకుంటూ వెళ్తారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేస్తారు. పైగా అది అందం కోసం వేసే బొమ్మ కాదు, వాళ్ళ దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం గోడ మీద కట్టే ఇల్లు లాంటిది. 2024 జనవరిలో లాంజియా సవర (సవరల్లో ఒక తెగ) చిత్రాలకి జీఐ ట్యాగు, అదే భౌగోళిక గుర్తింపు, కూడా వచ్చింది, అంటే ఇంకెక్కడో తయారుచేసిన సరుకు మీద ఆ పేరు వేసుకోకూడదని కదా. అమ్మేవాళ్ళకి రాశాను, ఐదు స్టార్లిస్తే కూపన్ ఇస్తామన్నారు. దండం పెట్టి వదిలేశాను.

క్లాసులో సవర బొమ్మ వేయించే ముందు మాస్టారు పిల్లలకి ఈ సంగతంతా చెప్పి, దేవుడి బొమ్మ మనం వెయ్యం, చెట్లు, నెమళ్ళు, మనుషులు, పొలం పని వేద్దాం అన్నారు. వెదురుపుల్ల మొన నలగ్గొట్టి బ్రష్, జాజు పూసిన అట్ట, పిండి తెలుపు. ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఆ కిట్టు డబ్బులతో ఇలాంటివి వీధి పిల్లలందరి చేతా చేయించొచ్చు. సీతంపేట వైపు సవరలున్నారని మనకందరికీ తెలుసు గానీ వాళ్ళ గోడల మీద ఏముంటుందో నాకు ఇన్నేళ్ళు తెలీదు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళో మాస్టారు ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చుకుని నిఘంటువు దాకా వెళ్ళారు, మనం గుణుపురం రైల్లో వాళ్ళ పక్కన కూర్చుని వెళ్తూ కూడా ఒక మాట నేర్చుకోం. ఆయన ఊరు కాబట్టి నేనిలా వాడుక భాషలో వాగుతున్నందుకు మాత్రం ఎవరూ ఏమీ అనరు లెండి.

ఇక సామాన్ల సంగతి. ఫీజు నెలకి 400, జిగురు, సుద్ద, రంగులు అందులోనే, పెద్దవాళ్ళకి 200. కత్తెర, బ్రష్షులు మనవి. ఇక్కడే నా మొదటి కంప్లైంటు, క్లాసులో ఉన్న కత్తెరలు అసలు తెగవు, చింపినట్టుంటుంది అంచు, కాబట్టి టైలర్లు వాడేలాంటిది ఒకటి పెద్దవాళ్ళకోసం, మొన మొద్దుగా ఉన్నది పిల్లలకోసం పట్టుకెళ్ళండి. బ్రష్షు జీరో నంబరు ఒకటి మంచిది కొనండి, చవకవి వెంట్రుకలు ఊడి పూతలో అంటుకుపోతాయి. ఫెవికాల్ ఎందుకు వాడరు అని ఒకళ్ళు అడిగారు, వాడతారు, కాగితం గుజ్జుతో మాస్కులు చేసేటప్పుడు వాడతారు, గంజపకి మాత్రం చింతపిక్కే, ఫెవికాల్ వేస్తే పైన పొరలాగా ఉండి రుద్దుతుంటే ఉండలు కడుతుంది.

గ్లూ గన్ను లేదు, పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) లేదు. పిల్లలు యూట్యూబ్ చూసి చెయ్యి అచ్చు చేద్దాం సార్ అని గోల చేశారు, ఆయన ఒప్పుకోలేదు. పీఓపీ నీళ్ళు కలిసి గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది, చెయ్యి అందులో పెట్టి గట్టిపడేదాకా ఉంచితే తీయడానికి రాదు, లోపల కాలిపోతుంది, సరదాకి వేళ్ళు పోతాయి అన్నారు. ఇంట్లో ఆ సరదా ఉన్నవాళ్ళు దయచేసి గుర్తుపెట్టుకోండి, ఆల్జినేట్ అనే వేరే పొడితో అచ్చు తీసి, చెయ్యి బయటికి తీసేశాక ఆ గుంతలో పీఓపీ పోస్తారు, చెయ్యి నేరుగా పెట్టరు.

పర్లాకిమిడి అంటే కొమ్ము బొమ్మలు కదా, అవి నేర్పరా అంటే నేర్పరు. కొమ్ముని వేడి చేసి మెత్తబడ్డాక వంచి, ఆకురాయితో రాసి, మెరుగు పెట్టి కొంగలూ రొయ్యలూ చేస్తారు, రాసేటప్పుడు లేచే పొడి, ఆ వాసన, పదేళ్ళ పిల్లలకి అది కాదు. ఒక ఆదివారం పనిచేసే ఆయన ఇంటికి తీసుకెళ్ళి చూపించారు. పిల్లలకన్నా నేనే ఎక్కువసేపు చూశాను, రొయ్య మీసం ఒక్కటి గీయడానికి అంతసేపు పడితే వాళ్ళు చెప్పే రేటు మీద బేరం ఆడాలనిపించలేదు, దువ్వెన కొనుక్కున్నాను.

బాగోలేనివి. టైము. పదింటికి అంటే పదిన్నర, పన్నెండింటికి అంటే ఒంటిగంట, ఆకలికి పిల్లలు నానబెట్టిన పిక్కలు చూస్తూ కూర్చుంటారు, బిస్కెట్లు పెట్టి పంపండి. ఇరుకు. పది మంది దాటితే మోచేతులు తగిలి ఒకళ్ళ రంగు ఇంకొకళ్ళ మీద పడుతుంది, మంచి బట్టలు వద్దు, జాజు మరక పోదు. వానాకాలం జిగురు పూత ఆరదు, ఆరకముందే బూజు వాసన వస్తుంది, ఆ రెండు నెలలు గంజప కదలదు, కాగితం మాస్కులు, రథయాత్రకి అట్టపెట్టెల రథాలు, కుట్టుపని ఇలాంటివి చేయిస్తారు, అవి పర్వాలేదు అంతే, ఇంట్లో కూడా చేసుకోవచ్చు. కుట్టుపని అయితే మరీ, సూదిలో దారం ఎక్కించుకోవడం నేర్పించడానికే క్లాసు అయిపోయింది, నేర్పే ఆవిడ ఆయన చెల్లెలుగారు, పాపం ఆవిడకి పిల్లలతో ఓపిక తక్కువ.

భాష గురించి భయపడకండి. ఊరు 1936లో ఒడిశాలోకి వెళ్ళినా బజార్లో తెలుగే, క్లాసులో సగం సగం. మాస్టారి తెలుగు కొంచెం ఒడియా యాసతో ఉంటుంది గానీ అర్థం కానిదేం కాదు. ఒకసారి పూత ఆరలేదని పిల్లలు తొందరపెడుతుంటే, బట్టని పడుకోనియ్యండి, రేపు దాంతో పనుంది అన్నారు, అందరూ నవ్వారు గానీ ఆ తర్వాత తడిపూత ముట్టుకున్నవాడు లేడు.

ఆరేళ్ళలోపు వాళ్ళని మాత్రం తేకండి, కూర్చోలేరు, రాయితో రుద్దడం వాళ్ళవల్ల కాదు, మాస్టారు మొహమాటానికి తీసుకుంటారు గానీ ఇద్దరికీ నరకం. ఎనిమిది నుంచి పద్నాలుగు మధ్య బాగుంటుంది. సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగేవాళ్ళకి, ఇవ్వరు. స్కూల్ ఎగ్జిబిషన్‌కి వారంలో ఏదైనా చేసివ్వమంటే కూడా చెయ్యరు, దానికి బజార్లో రెడీమేడ్ మోడల్సు దొరుకుతాయి, అవి కొనుక్కోవడమే నయం. పెద్దవాళ్ళు పిల్లలు లేకుండా ఒంటరిగా వస్తామంటే రావచ్చు, రిటైరైన రైల్వే ఆయనొకాయన అలాగే వస్తున్నారు, అందరికన్నా బాగా రుద్దేది ఆయనే.

నాలుగు స్టార్లు ఇస్తున్నాను, ఒకటి టైముకీ కత్తెరలకీ కోసేశాను. చేరాలనుకుంటే దసరా సెలవులయ్యాక వెళ్ళండి, వానలు తగ్గి గంజప మళ్ళీ మొదలయ్యేది అప్పుడే, కొత్త సెట్టుకి ఎనిమిది మంది కావాలి, ఇప్పటికి ఐదుగురే ఉన్నారు. ఇంటి ముందు అరుగు మీద ఆరేసిన తెల్లటి బట్టలు కనిపిస్తే అదే ఇల్లు, పాత నూలు పంచె ఒకటి వెంట తీసుకెళ్ళండి, కొత్తది తెస్తే ఉతికి తెమ్మని వెనక్కి పంపిస్తారు.